మస్కూరి తాత నడిచిన వార్డు గీత

నా ఉద్యోగం ట్రేసరు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు కాబట్టి చెబుతాను. సర్వేయరు పెన్సిల్‌తో గీసిన నక్ష మీద పలచని ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనబడే గీతల్ని నల్ల సిరాతో ఎత్తి గీసేవాడే ట్రేసరు. అంటే ఇంకొకడి గీతకు సిరా పెట్టడం నా పని. ఆ గీత మంచిదా చెడ్డదా అని చూసేందుకు నాకు జీతమివ్వలేదు. మరక పడకూడదు, చెయ్యి వణకకూడదు, అంతవరకే. నా చేతి మీద నాకు మహా పొగరుండేది. సూర్యాపేట నుంచి వచ్చిన పెద్ద ఉద్యోగులు కూడా నా నక్ష చూసి "అచ్చేసినట్టుంది" అనేవారు. ఆ పొగరు ఎట్లా దిగిందో, దించినాయన ఎటువంటివాడో చెబుదామని ఇది రాస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువలోకి నీళ్లొచ్చిన కొత్త రోజులవి. మిర్యాలగూడ దిక్కున జొన్నచేలు పోయి వరిమళ్లు లేస్తున్నాయి. ఎక్కడ చూసినా కొత్త మిల్లుల ఊక వాసన. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి, ఊళ్లల్లో వార్డులు మళ్లీ విడదీయమని ఉత్తర్వులొచ్చాయి. అప్పట్లో మా దిక్కు సర్పంచిని జనం నేరుగా ఎన్నుకునేవారు కాదు. జనం వార్డు మెంబర్లను గెలిపిస్తే, ఆ మెంబర్లంతా కూచుని సర్పంచిని ఎన్నుకునేవారు. కాబట్టి తెలివైనవాడు ఓటరు ఇంటికి పోయేముందు వార్డు హద్దుల దగ్గరికి పోయేవాడు. హద్దు చక్కగా కుదిరిందా, దండాలు పెట్టుకుంటూ తిరిగే శ్రమ సగం తగ్గినట్టే.

పాలకీడు అవతల ఒక ఊరు. పేరు చెప్పను, ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఊరి సర్పంచి ఒక రైసుమిల్లు యజమాని. మాటలో తేనె, లెక్కలో కత్తి. నిజం చెప్పాలంటే ఆయన బుర్రకు నేను ఇప్పటికీ దండం పెడతాను. ఊరికి పది వార్డులు. దక్షిణాన కూలి జనం వాడ ఉంది. అందులో హిందువులూ ఉన్నారు, చర్చికి పోయేవాళ్లూ ఉన్నారు. అంతా కలిపి ఊళ్లో ఐదోవంతు జనం. వాడను ఒక్కచోట ఉంచితే రెండు వార్డులు, ఇద్దరు మెంబర్లు వాళ్లవాళ్లే అవుతారు. మిల్లాయన వాడను నాలుగు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్కను ఉత్తరాన ఉన్న పై ఊరి బజారొక్కదానికి అతికించాడు. ప్రతిచోటా వాడ ముక్క కంటే బజారు కొంచెం పెద్దది. జనం లెక్క నాలుగు వార్డులకీ సమానంగా ఉంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. వాడకు మాత్రం ఒక్క మెంబరు కూడా దక్కడు.

ఆ పెన్సిలు గీతలు మా ఆఫీసుకు వచ్చేసరికే షీటు మీద ఉన్నాయి. పంపింది పంచాయతీ. గీసిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. నేను హెడ్ సర్వేయరు మొహం చూశాను. ఆయన నలుగురు పిల్లల తండ్రి, మంచివాడు, భయస్తుడు.

"మనం గీసెటోళ్లం. గీయించెటోళ్లు వేరే ఉంటరు. ఇగ నువ్వు పరేషాన్ గాకు, సిరా పెట్టు," అన్నాడు.

పెట్టాను. ఎంత అందంగా పెట్టానంటే, నాలుగు వార్డుల హద్దులు నాలుగు రకాల చుక్కలతో వేసి, మూలన ఉత్తరం చూపించే బాణానికి చిన్న తోక కూడా దిద్దాను. ఆ ఊరు నేను ఒక్కనాడూ చూడలేదు. చూడాలని తోచలేదు కూడా.

ముసాయిదాను పంచాయతీ గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే గడువులోగా రాసి ఇవ్వాలి. మాకు ఒక్కటే వచ్చింది. బడి నోటుబుక్కులోంచి చింపిన కాగితం, పెన్సిలు రాత. "మా వాడను నాలుగు తునకలు చేసినరు. గీత ఏడికెల్లి ఏడికి పోతదో మాకు నేల మీద నడిచి చూపెట్టగలరు." కింద ఒక వేలిముద్ర. మా ఆఫీసులో నవ్వులే నవ్వులు. నక్ష చూసుకోమంటే నడిచి చూపించమంటాడేమిటని నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

విచారణకు వచ్చిన అధికారి కోదాడ దిక్కు మనిషి. ఎండకైనా వానకైనా గొడుగు వదలడు. ఆయన మాత్రం నవ్వలేదు. కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "అడిగింది న్యాయంగానే ఉంది కదండీ. రేపు పొద్దున్నే బయల్దేరదాం. ఆ ట్రేసరు కుర్రాణ్ణి కూడా తీసుకురండి, నక్ష చదవాలి," అన్నారు.

అట్లా నేను గీసిన ఊరికి మొదటిసారి పోయాను.

వానాకాలం నాట్లు అప్పుడే అయిపోయాయి. చెరువుకట్ట దిగగానే చేదబావి కనబడింది. బావి గట్టుకు ఇరవై అడుగుల దూరంలో వాడ ఆడవాళ్లు ఖాళీ కుండలు ముందు పెట్టుకుని కూచున్నారు. పై ఊరి వాళ్లెవరైనా తోడి పోస్తే తెచ్చుకోవాలి. పోసేదాకా ఆగాలి. జీపు దిగి మేము నిలబడ్డంత సేపట్లో ఒక్క కుండ కూడా నిండలేదు. ఆ వాడకు సొంత బావి కావాలని పంచాయతీలో అడగడానికి ఇంతవరకూ వాళ్ల మనిషి ఎవరూ లేరని అక్కడే తెలిసింది. నేను వేసిన నాలుగు రకాల చుక్కల అర్థం ఆ కుండలు చూశాక గాని నా బుర్రకెక్కలేదు.

వేలిముద్ర వేసింది మస్కూరి తాత. మస్కూరి అంటే ఊరికి హద్దులు చూపించే గ్రామసేవకుడు. పొలిమేర రాయి ఎక్కడుందో, ఎవరి మెట్టచెలక ఎక్కడ తెగుతుందో తరతరాలుగా ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఎంత పెద్ద సర్వేయరు వచ్చినా కొలత గొలుసు పరిచేముందు మస్కూరి కోసం కబురు పెట్టాల్సిందే. తాతకు డెబ్బై దాటి ఉంటాయి. వెనక ఆయన చిన్నకోడలు నిలబడి ఉంది. మిషను బడిలో ఐదు చదివింది. పెన్సిలుతో ఆ కాగితం రాసింది ఆమే.

మిల్లాయన కుర్చీలు వేయించి, సోడాలు తెప్పించాడు. "సార్, ఎండకు నడుసుడెందుకు? నక్ష ఉండనే ఉన్నది. ముసలోడు, సదువు రానోడు, వానికేం సమజైతది?" అన్నాడు.

మస్కూరి తాత మాట గట్టిగా అనలేదు. "అవ్ సారూ, నాకు సదువు రాదు. గందుకే అడుగుతున్న. మా తాతల కాడికెల్లి ఏ సారొచ్చి హద్దు ఏదిరా అంటే, మేము నడిసి సూపెట్టినం. ఇయ్యాల నేను అడుగుతున్న. మీ హద్దు నాకు నడిసి సూపెట్టుండ్రి."

అధికారి గొడుగు విప్పి, "పదండి," అన్నారు.

అప్పుడు మస్కూరి తాత వంగి, దారి పక్కన మట్టిపెళ్ల ఒకటి పెకలించి నెత్తిన పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా మాట ఆపేశారు. నాకు అర్థం కాక హెడ్ సర్వేయరును చూస్తే, ఆయన చెవిలో చెప్పాడు. పూర్వం రెండు ఊళ్ల మధ్య హద్దు తగాదా వస్తే మస్కూరి నెత్తిన మట్టి పెట్టుకుని నడిచేవాడట. నేలతల్లిని నెత్తిన పెట్టుకున్నవాడు అబద్ధం నడవడు. అతను నడిచినదే హద్దు. నడక ముగిసేదాకా ఎవ్వరూ నోరెత్తకూడదు. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ చేయని పని అది.

"నువ్వు గీత చెప్పు సారూ, నేను నడుస్త," అన్నాడు తాత నాతో.

నేను ట్రేసింగు గుడ్డ విప్పి చెప్పడం మొదలుపెట్టాను. ఉత్తరం నుంచి ఇంత దూరం, అక్కడ కుడికి మళ్లాలి. ఆయన తూచినట్టు అడుగులు వేస్తూ నడిచాడు. వెనక అధికారి, ఆ వెనక మిల్లాయన, హెడ్ సర్వేయరు, తర్వాత ఊరు. పై ఊరి చివర నా గీత రెండు గుడిసెల మధ్యనుంచి పోతుందనుకున్నాను. పోలేదు. తిన్నగా ఒక గుడిసెలోకి పోయింది. తాత తల వంచి లోపలికి పోయి వెనక తడికలోంచి బయటికొచ్చాడు. లోపల వంట చేసుకుంటున్న ముసలమ్మకు ఎవరో సంగతి చెప్పారు. ఆమె గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "అయితే నా పొయ్యి ఒక వార్డు, నా మంచం ఒక వార్డా? మరి నేను ఏడ ఓటేయాలె, అన్నం తిన్నంక ఒకటి, పండుకున్నంక ఒకటా?" అంది. నడక కట్టుబాటు మరిచి జనం గొల్లుమన్నారు. అధికారి మాత్రం నవ్వకుండా చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఇంకో వంద అడుగులు నడిచాం. అక్కడ నా కాళ్లు నిలిచిపోయాయి. ఎదురుగా కాలువ ఉంది.

పిల్లకాలువ కాదు, మేజరు, పెద్ద కాలువ. నిండుగా, ఎర్రగా పారుతోంది. పై ఊరికీ వాడకూ మధ్యనుంచి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పోతోంది. నా చేతిలో ఉన్న నక్షలో చుక్క నీరు లేదు. అది నిజాం కాలపు పాత నక్ష మీద ఎత్తింది. కాలువ తవ్వకముందుది. పంచాయతీ బీరువాలోంచి తీసి, గీతలు పెట్టి పంపిన ఆ కాగితానికి నేను కళ్లు మూసుకుని సిరా పెట్టాను. నేను వేసిన చుక్కలు పై ఊరి బజార్ల నుంచి కాలువను నాలుగుచోట్ల దాటి వాడలోకి పోయాయి. వంతెన చూద్దామంటే మైలు కింద ఉంది. దగ్గరలో ఉన్నది రెండు తాటిమొద్దులే. వాటి మీద కుండ నెత్తిన పెట్టుకుని ఒక గర్భిణి ఇటు వస్తోంది.

"ఇప్పుడెటు సారూ?" అన్నాడు తాత, తల కదపకుండా.

నక్ష మళ్లీ చూశాను. "తిన్నగా," అన్నాను.

ఆయన తిన్నగా నడిచాడు. గట్టు దిగి నీళ్లలోకి పోయాడు. మోకాలు, నడుము, రొమ్ము దాకా నీళ్లు. కోడలు "మామా!" అని గట్టు దాకా ఉరికింది, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కాలువ నడిమధ్యన నిలబడి ఇటు తిరిగాడు. మట్టిపెళ్ల తడిసి నుదుటి మీదికి కారుతోంది.

"సారూ, మీ హద్దు గిట్లనే పోతది. రాండ్రి," అన్నాడు.

ఎవ్వరూ పోలేదు. అధికారి గొడుగు ముడిచారు. నేను ఉద్యోగంలో చాలామంది పెద్ద మనుషుల్ని చూశాను, కానీ ఆ మాటకు సాటివచ్చే వాదన ఏ కోర్టులోనూ వినలేదు.

మిల్లాయన ఎంత చురుకైనవాడంటే, ముందు తేరుకున్నది ఆయనే. "సార్, కాలువ నిన్న మొన్న వచ్చింది. పాత నక్షల లేదు. పిలగాని తప్పేమున్నది, పాపం? సదురుకుంటే అయిపాయె," అని నా భుజం మీద చెయ్యి వేశాడు. తప్పు నా మీదికి నెడుతూనే నన్ను కాపాడుతున్నట్టుంది ఆ చెయ్యి. నాది ఇంకా టెంపరరీ ఉద్యోగం. "అవునండి, పాత నక్ష" అంటే చాలు, బయటపడతాను. కాలువను వేసి, అవే నాలుగు ముక్కలను ఇంకాస్త ఒడుపుగా మళ్లీ గీస్తాం.

అధికారి నన్నే చూస్తూ, "కాలువ సంగతి సరేనయ్యా. ఈ గీతలు అసలు పెట్టిందెవరు?" అన్నారు.

తాత ఇంకా నీళ్లలోనే ఉన్నాడు. హద్దు తేలనిదే బయటికి రాడని నాకు అర్థమైంది. నిజం చెబుతున్నాను, నాలో ధైర్యమేమీ పుట్టలేదు. ముసలాయనకు చలి వేస్తోందని మాత్రమే తోచింది.

"పాత నక్ష మీద సిరా పెట్టడం నా తప్పండి. ఊరు చూడలేదు. పెన్సిలు గీతలు మాత్రం మా ఆఫీసువి కావండి. పంచాయతీ నుంచి వచ్చిన షీటు మీదనే ఉన్నాయి," అన్నాను.

భుజం మీది చెయ్యి పోయింది. ఒక్క క్షణం నేను ఒంటరిగా నిలబడ్డాను. తర్వాత వెనకనుంచి సన్నగా, "నిజమే సార్. అసలు షీటు ఆఫీసుల భద్రంగ ఉన్నది, సూపిస్త," అని వినిపించింది. మా హెడ్ సర్వేయరు. నలుగురు పిల్లల తండ్రి, భయస్తుడు అని ఇందాక రాశాను. ఆ రెండో మాట కొట్టేయాలేమో గాని, ఉండనిస్తున్నాను. భయం లేనివాడు ఆ మాట అంటే గొప్పేముంది?

అధికారి ముసాయిదాను అక్కడే రద్దు చేశారు. నేల మీద నడిచి, అందరికీ కనబడే గుర్తులను బట్టి వార్డులు మళ్లీ వేయమన్నారు. తర్వాత గట్టు చివరికి పోయి చెయ్యి చాపి, "రండి పెద్దాయనా, చాలు," అన్నారు. తాత ఆ చెయ్యి పట్టుకోలేదు. తన బట్టలు తడి, ఆయనవి పొడి అని కాబోలు. లేక ఆ కాలపు అలవాటేమో. అధికారే వంగి మణికట్టు పట్టి పైకి లాగారు.

మర్నాడు నేనూ తాతా కొత్త హద్దు నడిచాం. కాలువ ఒక హద్దు, వాడ అవతల బండ్లబాట ఇంకో హద్దు. మధ్యలో వాడంతా రెండు వార్డులు. అంతా సాఫీగా కుదిరింది, ఒక్కటి తప్ప. బండ్లబాట అవతల కొత్తగా వేసుకున్న మూడు గుడిసెలు ఉన్నాయి. అవీ వాడ మనుషులవే. ఒకటి తాత పెద్దకొడుకుది. మూడింట్లో కలిపి పదకొండు ఓట్లు.

నాకు అప్పటికి ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, గీతను వంచడానికి చెయ్యి దురద పెట్టింది. "తాతా, ఈడ జర బాట దాటి, మూడిండ్లు కలుపుకొని మళ్ల బాట మీదికొద్దాం. మీవాళ్లే కదా. తప్పు కాదు, రూలు ఒప్పుకుంటది," అన్నాను. నేనూ సూర్యాపేటవాణ్ణే, ఆయనతో ఉంటే నా నోట్లోంచి మా మాటే వచ్చేది.

ఆయన బాట మీద కూచుని చుట్ట వెలిగించాడు.

"బిడ్డా, బాట అందరికి కండ్లకు కనవడుతది. గుడ్డోడు సుత కాలుతోటి పోల్చుకుంటడు. నా కొడుకు కోసం గిది వంగిందనుకో, రేపు మిల్లాయన గూడ వంగుమంటడు. అప్పుడు నేను ఏ మొకం పెట్టుకొని నెత్తిన మట్టి పెట్టుకోవాలె?"

"రూలు ఒప్పుకుంటది తాతా!"

"రూలు ఒప్పుకుంటది. మట్టి ఒప్పుకోదు."

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. పిచ్చి ముసలాయన, చేతికందిన ముద్దను కింద పడేసుకుంటున్నాడనుకున్నాను. విసురుగా బాట అంచు మీదనే చుక్కలు వేశాను.

ఎన్నికలు జరిగాయి. వాడలో ఒక వార్డు వాళ్లకే వచ్చింది. బండ్లబాట పక్క వార్డులో తాత కోడలు నిలబడింది. మిల్లాయన ఇంకొకణ్ణి వాడలోంచే నిలబెట్టి ఓట్లు చీల్చాడు. చెప్పాను కదా, ఆయన బుర్రకు దండం పెడతానని. కోడలు నాలుగు ఓట్లతో ఓడిపోయింది. బాట అవతల పదకొండు.

అప్పటికి నన్ను తుంగతుర్తి పంపేశారు. ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. దానికి కారణమేదీ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడుసు తొక్కినవాడు కాలు కడుక్కోక తప్పదు. ఓటమి సంగతి తెలిసిన వారమే బస్సెక్కి ఆ ఊరికి పోయాను. ఓదార్చడానికి పోయానని అప్పుడు అనుకున్నాను. "నేను చెప్పలేదా" అనడానికే పోయానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

తాత మంచం మీద కూచుని తాడు పేనుతున్నాడు. నా మొహం చూసి సంగతి గ్రహించాడు.

"నాలుగు ఓట్లు తాతా. ఆ మూడిండ్లు కలుపుకుంటే గెలుస్తుండె."

"అవ్, గెలుస్తుండె. కోడలు గూడ వారం దినాలు నాతోటి మాట్లాడలే," అన్నాడు. తాడు పక్కన పెట్టాడు. "దుఃఖం లేదంటే అబద్ధం బిడ్డా. ఒక్క మెంబరు మాట ఏడ సాగుతది? ఆడివిల్లలు ఇంకో అయిదేండ్లు గా బాయి కాడ కూసోవాలె, నా వల్లనే. గది నాకు ఎరికే. గాని ఓడినందుకు ఇంటింటికి పోయి మళ్ల అడగొచ్చు. గీత వంకర పోతే ఎవ్వని ఇంటికి పోయి అడగాలె?"

ఆయనకు కష్టం తెలియక అన్న మాట కాదది. ఆ బావి దగ్గర కూచునే ఆడవాళ్లలో ఆయన కూతుళ్లు, మనవరాళ్లు ఉన్నారు. తెలిసే మోశాడు, నెత్తిన మట్టిపెళ్లను మోసినట్టే. నేను చూసినవాళ్లలో అంతటి మనిషి ఇంకొకడు లేడు.

తర్వాతి ఎన్నికల్లో కోడలు గెలిచింది. ఆ మధ్యలో ఆమె ఇల్లిల్లూ తిరిగింది, పోయినసారి ఓట్లు చీల్చినవాడి ఇంటికి కూడా పోయిందట. డెబ్బైలు సగం దాటాక నక్షలు సవరించే పని మీద నేను మళ్లీ ఆ ఊరికి పోయాను. ఈసారి గొలుసు నేనే పట్టించాను, ఊరంతా నడిచాను. తాత అంతకుముందు ఎండాకాలం పోయాడని అప్పుడే తెలిసింది. బండ్లబాట దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కొత్త బావి కనబడింది. గట్టుకు సున్నం కూడా సరిగ్గా ఆరలేదు.

కోడలు చేద వేసి నీళ్లు తోడి నా దోసిట్లో పోసింది. తాగాను.

"వాడ నడుమ తవ్వియ్యకుండ గింత అంచుకు తవ్విచ్చినవేమమ్మా?" అన్నాను.

"జాగ మామ సూపెట్టి పోయిండు సారూ. బాట అంచుకుంటే గా మూడిండ్లోళ్లు గూడ తోడుకుంటరన్నడు. ఆళ్లను ఓట్లల్ల కలుపుకోలేకపోయిన, నీళ్లల్లనన్న కలుపుతా అన్నడు."

గొలుసు పరిచి కొలిచాను. బావి సరిగ్గా నా పాత చుక్కల మీదనే ఉంది. సగం ఇటు వార్డులో, సగం అటు వార్డులో. కొత్త నక్ష గీసేటప్పుడు ఆ బావిని ఏ వార్డులో చూపిద్దామని పైవాళ్లు అడిగారు. గీత మీదనే ఉంచి, చుట్టూ చిన్న సున్న చుట్టాను. ఉద్యోగమంతా ఎన్ని వేల గీతలకు సిరా పెట్టానో లెక్క లేదు. నడిచి చూసి, నీళ్లు తాగి పెట్టిన గుర్తు అదొక్కటే.